ఉతికిన టీషర్టే ఆట మొదలైన పది నిమిషాలకు కంపు కొడుతోంది: కారణం ఒంట్లో ఉందా, బట్టలో ఉందా?

ప్రశ్న: బెంజిసర్కిల్ షట్లర్

సభ్యులందరికీ నమస్కారం. మాది విజయవాడ. నాకు నలభై ఏళ్లు దాటాయి. ఒక జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతాను. రోజూ తెల్లవారుజామున మా పేటలోని ఇండోర్ కోర్టులో షటిల్ ఆడి, ఇంటికి వచ్చి తయారై కళాశాలకు వెళ్తాను. ఆ కోర్టుకు నాలుగు వైపులా గోడలు, పైన రేకులు ఉన్నాయి. కాక్ గాలికి పక్కకు పోతుందని ఆట సాగినంతసేపూ ఫ్యాన్లు ఆపేస్తారు. మార్చి వచ్చిందంటే మొదటి గేమ్ ముగిసేసరికే టీషర్టు పిండితే నీళ్లు కారతాయి.

చెమట పట్టడం గురించి నాకు బెంగ లేదు. దాని వెంట వచ్చే వాసనే నన్ను బాధపెడుతోంది. ఈ మధ్య నాతో డబుల్స్ ఆడే మిత్రుడు నన్ను పక్కకు పిలిచి, నలుగురిలో అనకుండా, ఎంతో మర్యాదగా ఈ సంగతి చెప్పారు. ఆయన చెప్పినందుకు నాకు కోపం రాలేదు, కానీ ఆ రోజు నుంచి నెట్ దగ్గరికి వెళ్లాలన్నా, పాయింటు గెలిచాక చేతులు కలపాలన్నా సంకోచంగా ఉంటోంది.

నాకు అంతుపట్టని విషయం ఒకటుంది. ఆటకు బయలుదేరే ముందు స్నానం చేస్తాను. ఉతికి ఆరేసిన టీషర్టే తొడుక్కుంటాను, తొడుక్కునేటప్పుడు దానికి సబ్బు వాసన తప్ప మరేమీ ఉండదు. ఆట మొదలైన పది నిమిషాలకు అదే టీషర్టు నుంచి పాత చెమట కంపు లేస్తుంది. ఇంట్లో నూలు బనియను వేసుకుని కుండీలు జరిపి, మట్టి తవ్వి, అంతే చెమట కార్చినా ఇంత వాసన రాదు. బాడీ స్ప్రే కొట్టుకుని వెళ్తే ఆ సువాసన, ఈ దుర్వాసన కలిసి మరింత వెగటుగా తయారవుతోంది.

తెలిసినవారు తలా ఒక సలహా ఇచ్చారు. చంకల్లో నిమ్మచెక్క రుద్దమని ఒకరు, వంటసోడా పట్టించమని మరొకరు, ఉల్లి, వెల్లుల్లి మానేయమని ఇంకొకరు, నీళ్లు తక్కువ తాగితే చెమటే పట్టదని వేరొకరు చెబుతున్నారు. వీటిలో నిజమెంత? ఇది ఏదైనా జబ్బుకు సూచనా? చక్కెర వ్యాధి అంచున ఉన్నారని వైద్యులు హెచ్చరించిన తరువాతే ఈ ఆట మొదలుపెట్టాను కనుక మానే ఆలోచన లేదు. విషయం తెలిసినవారు కారణంతో సహా వివరిస్తే కృతజ్ఞుడిని.

జవాబు: చర్మవైద్యురాలు, గుంటూరు

నమస్కారమండీ. మీరు ఇంత వివరంగా రాయడం వల్ల జవాబు చెప్పడం సులువైంది. మీరు వర్ణించినది జబ్బు లక్షణంలా లేదు. దాదాపు అందరి ఒంట్లోనూ జరిగే పనే మీ టీషర్టులో కాస్త ఎక్కువగా జరుగుతోంది.

మన చర్మంలో ప్రధానంగా రెండు రకాల స్వేద గ్రంథులు ఉంటాయి. ఒంటి నిండా పరుచుకుని ఉండే ఎక్రైన్ గ్రంథులు 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. ఒళ్లు వేడెక్కినప్పుడు చల్లబరచడం వాటి పని, అవి విడిచేది చాలావరకు ఉప్పు కలిసిన నీరు. రెండో రకమైన అపోక్రైన్ గ్రంథులు చంకల్లోను, గజ్జల్లోను ఉంటాయి. యుక్తవయసు వచ్చేదాకా ఇవి పనిచేయవు. వీటి నుంచి వచ్చే కొద్దిపాటి చిక్కని స్రావంలో కొవ్వులు, మాంసకృత్తులు ఉంటాయి. ఈ స్రావానికి కూడా అప్పటికప్పుడు వాసన ఉండదు. 1953లో వాల్టర్ షెల్లీ అనే అమెరికా చర్మవైద్యుడు, ఆయన సహచరులు ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా చూపించారు: క్రిములు సోకకుండా సేకరించిన అపోక్రైన్ స్రావం వాసన లేకుండా ఉండిపోయింది, చర్మం మీది బాక్టీరియా కలిసిన తరువాతే అది కంపు కొట్టింది. కోరినిబాక్టీరియం జాతి, స్టెఫైలోకాకస్ హోమినిస్ వంటివి ఆ స్రావంలోని పదార్థాలను విడగొట్టి కొన్ని ఆమ్లాలను, గంధకం కలిసిన ఆల్కహాల్ జాతి పదార్థాలను తయారుచేస్తాయి. ఆ గంధకపు పదార్థాలు లేశమాత్రం గాలిలో కలిసినా మన ముక్కు పసిగడుతుంది.

అందువల్ల చెమటను ఆపడం కంటే, బాక్టీరియా సంఖ్యను తగ్గించడం, వాటికి అందే తేమను, ఆహారాన్ని తగ్గించడం మీద దృష్టి పెట్టాలి. పోటీగా ఆడుతున్నప్పుడు మాత్రమే వాసన ఎక్కువగా ఉండటానికీ ఒక కారణం చెప్పవచ్చు. అపోక్రైన్ గ్రంథులు వేడి కంటే ఉద్వేగానికి, అప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోనుకు ఎక్కువగా స్పందిస్తాయి. కుండీలు జరపడంలో లేని ఉత్కంఠ గేమ్ పాయింటు దగ్గర ఉంటుంది కదా.

ఇక చేయవలసినవి. స్నానంలో చంకలను, గజ్జలను వేళ్లతో సబ్బు పెట్టి రుద్ది కడగండి. నీళ్లు పోసుకున్నంత మాత్రాన అక్కడి జిడ్డు పోదు. స్నానం తరువాత తువాలుతో అద్ది, పూర్తిగా ఆరిన తరువాతే బట్ట తొడగండి. చాలామంది నిర్లక్ష్యం చేసేది ఈ ఆరబెట్టడాన్నే. చంకల్లోని వెంట్రుకలను కత్తెరతోనో ట్రిమ్మరుతోనో పొట్టిగా కత్తిరించుకుంటే స్రావం, బాక్టీరియా పట్టుకుని ఉండే చోటు తగ్గుతుంది. పూర్తిగా గీయించుకోవలసిన అవసరం లేదు.

మీరు వాడుతున్న బాడీ స్ప్రే డబ్బా మీద ఏమి రాసి ఉందో ఒకసారి చదవండి. డియోడరెంటులో పరిమళంతోపాటు బాక్టీరియాను అణచే పదార్థం ఉంటుంది. యాంటీపెర్‌స్పిరెంటులో అల్యూమినియం లవణాలు ఉండి, స్వేద నాళాల మూతిని తాత్కాలికంగా మూస్తాయి. వట్టి పెర్‌ఫ్యూమ్ స్ప్రేలో పరిమళం, ఆల్కహాల్ మాత్రమే ఉంటాయి. మూడింటినీ అంగడిలో ఒకే అరలో పెట్టి అమ్ముతారు కాబట్టి తేడా తెలియదు. యాంటీపెర్‌స్పిరెంటును ఆటకు వెళ్లే ముందు పూసుకుంటే కారే చెమటకు కొట్టుకుపోతుంది. రాత్రి పడుకునే ముందు, బాగా ఆరిన చంకల్లో పూసుకోవాలి. అప్పుడు చెమట తక్కువగా ఉంటుంది గనుక లవణం నాళంలోకి దిగి పనిచేస్తుంది, తెల్లవారి స్నానం చేసినా దాని ప్రభావం నిలుస్తుంది. చంకల్లో చెమట తగ్గినంత మాత్రాన ఒళ్లు చల్లబడటం ఆగదు, మిగతా శరీరం ఆ పని చేస్తుంది. దీనివల్ల క్యాన్సర్ వస్తుందనే ప్రచారానికి నిర్ధారణ అయిన ఆధారం లేదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడిగిన తరువాతే వాడాలి. మంగలి దుకాణాల్లో గడ్డం గీసిన తరువాత రుద్దే పటిక కూడా అల్యూమినియం లవణమే. తడిపి చంకల్లో రుద్దుకుంటే కొంత మేలు చేస్తుంది, ఖర్చూ తక్కువే. అయితే మీరు ఆడేటంత తీవ్రమైన ఆటకు అది ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం.

వీటితో లొంగకపోతే, మొటిమలకు వాడే బెంజోయిల్ పెరాక్సైడ్ వాష్‌ను వారానికి రెండు మూడు సార్లు చంకల్లో రాసి, ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడిగేయమని మేము సూచిస్తుంటాం. అది బాక్టీరియాను బాగా తగ్గిస్తుంది. కొందరికి చర్మం పొడిబారి మండుతుంది, అటువంటివారు మానేయాలి. రంగు తువాలుకు తగిలితే రంగు పోతుంది కాబట్టి తెల్ల తువాలు వాడండి.

మీకు వచ్చిన సలహాలలో నిమ్మచెక్కను తప్పకుండా వదిలేయండి. నిమ్మరసం తగిలిన చర్మం మీద ఎండ పడితే కాలినట్లు బొబ్బలెక్కి, నెలల తరబడి నల్ల మచ్చ మిగలవచ్చు. ఈ స్థితితో వచ్చేవారిని చూస్తూనే ఉంటాం. ఆరోగ్యకరమైన చర్మం కొద్దిగా ఆమ్ల స్వభావంతో ఉంటుంది. వంటసోడా క్షారం కాబట్టి, వాసన కొంత తగ్గించినా రోజూ పట్టిస్తే చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు శ్వాసలోను, కొద్దిగా చెమటలోను బయటపడతాయి. మెంతులు ఎక్కువగా తిన్నవారి చెమటకు ఒక రకమైన తియ్యని వాసన వస్తుంది, ఆవకాయలో ఈ రెండూ ఉంటాయి. అయినా మీరు చెప్పిన పాత చెమట కంపుకు ఆహారం ముఖ్య కారణం కాదు, ఉల్లి మానవలసిన పని లేదు. నీళ్లు తగ్గించమన్న సలహా అన్నింటికంటే ప్రమాదకరం. మూసి ఉన్న కోర్టులో వేసవిలో గంట ఆడితే లీటరుకు పైగా చెమట పోవచ్చు. నీళ్లు తాగకుండా ఆడితే వడదెబ్బ తగలవచ్చు, వాసన మాత్రం తగ్గదు.

ఉతికిన బట్ట నుంచి పాత కంపు ఎందుకు వస్తుందన్న మీ అసలు ప్రశ్నకు నాకంటే బట్టల సంగతి తెలిసినవారు బాగా చెప్పగలరు.

జవాబు: మగ్గం, సిరిసిల్ల

డాక్టరు గారు వదిలిపెట్టిన చోటు నుంచి నేను అందుకుంటాను. మాది సిరిసిల్ల. పాలిస్టరు బట్టతోనే బతికిన ఊరు. నేను బట్టల నాణ్యతను పరీక్షించే పనిలో ఉన్నాను. షట్లర్ గారు చెప్పలేదు గానీ, ఆయన ఆటకు వేసుకునే టీషర్టు పాలిస్టరుదై ఉంటుందని నేను దాదాపు కచ్చితంగా చెప్పగలను. అంగడిలో డ్రై ఫిట్ అని అడిగితే ఇచ్చేవన్నీ దాదాపు అవే.

నూలు పోగు తేమను తనలోకి పీల్చుకుంటుంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే దాని బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమ ఉంటుంది. పాలిస్టరు పోగులో అది 0.4 శాతమే. పాలిస్టరు నీటిని లోపలికి రానివ్వదు, పోగుల మధ్య సందుల గుండా బయటికి పాకిస్తుంది, అందుకే త్వరగా ఆరుతుంది. ఆటగాళ్లకు అది నచ్చే గుణం. అయితే నీటిని ఇష్టపడని ఆ పోగు జిడ్డును మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. చర్మం నుంచి వచ్చే నూనె, చంకల్లోని స్రావం, బాక్టీరియా తయారుచేసిన కంపు పదార్థాలు జిడ్డు స్వభావం కలవే గనుక పోగును అంటిపెట్టుకుంటాయి. చన్నీళ్లలో పది నిమిషాలు తిప్పితే అవి వదలవు. ఆరిన బట్టలో అవి ఆవిరి కాకుండా అణిగి ఉంటాయి కాబట్టి తొడుక్కునేటప్పుడు మీకు సబ్బు వాసనే తెలుస్తుంది. ఒంటి వేడి, తడి తగలగానే అవి గాలిలోకి లేస్తాయి. మీరు పది నిమిషాలకు పీలుస్తున్నది ఆనాటి చెమట వాసన కాదండీ, పాత ఆటలది.

దీన్ని పరీక్షించి చూసినవారు ఉన్నారు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 26 మంది ఆరోగ్యవంతులకు రకరకాల టీషర్టులు తొడిగించి, గంటసేపు వ్యాయామ సైకిలు తొక్కించి, ఆ టీషర్టులను కట్టి ఉంచి, తరువాత శిక్షణ పొందినవారి చేత వాసన చూపించారు. 2014లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం నూలు టీషర్టుల కంటే పాలిస్టరు టీషర్టులే స్పష్టంగా ఎక్కువ దుర్వాసన కలిగి ఉన్నాయి. చంకల్లో పెద్దగా కనిపించని మైక్రోకాకస్ అనే బాక్టీరియా పాలిస్టరు మీద విరివిగా పెరిగింది. అంటే ఒంటి మీద జరిగే పని వేరు, బట్ట మీద జరిగే పని వేరు. ఒంటిని ఎంత శుభ్రం చేసినా బట్టను పట్టించుకోకపోతే సగం సమస్య అలాగే ఉంటుంది.

నూలుకు మారిపోవడం ఒక మార్గం. అయితే నూలు చెమటకు బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, భుజాల దగ్గర ఒరుసుకుంటుంది, షటిల్‌కు అంత అనువుగా ఉండదు. పాలిస్టరే కావాలనుకుంటే ఉతికే పద్ధతి మార్చండి.

అన్నింటికంటే ముఖ్యమైనది, తడి టీషర్టును బ్యాగులో మడిచి ఉంచకపోవడం. ఆట ముగిసి సాయంత్రం ఉతికేదాకా ప్లాస్టిక్ సంచిలో మగ్గిన బట్టలో బాక్టీరియా ఎంత పెరగాలో అంతా పెరుగుతుంది. ఇంటికి రాగానే ఉతకడం కుదరకపోతే కనీసం ఒకసారి నీళ్లలో జాడించి దండెం మీద వేయండి. ఉతికే ముందు లోపలి వైపు బయటికి తిప్పండి, జిడ్డంతా అటువైపే ఉంటుంది. ఎంజైములు ఉన్న డిటర్జెంటును గోరువెచ్చని నీళ్లలో కలిపి అరగంటకు పైగా నానబెట్టి, తరువాత చంకల దగ్గర చేత్తో రుద్దండి. మీ లేబుల్ మీద అనుమతించినంత వేడి వాడండి. ఎలాస్టేన్ అనే సాగే పోగు కలిసిన బట్టలను, రబ్బరు ముద్రలు ఉన్న జెర్సీలను 40 డిగ్రీలకు మించిన నీళ్లలో వేయకండి. మెత్తదనం కోసం చివరి నీళ్లలో పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్‌ను ఆట బట్టలకు పూర్తిగా మానండి. అది పోగు మీద పొరలా పేరుకుని, చెమటను బయటికి పాకనివ్వదు, లోపలి జిడ్డును వదలనివ్వదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో మరో చిక్కు ఉంటుంది. కఠిన జలంలో సబ్బు నురగ రాక తెట్టుగా మారి బట్టలోనే ఉండిపోతుంది. అటువంటి చోట బిళ్ల సబ్బు కంటే డిటర్జెంటు మేలు, అదనంగా ఒకసారి జాడించడం ఇంకా మేలు.

ఇప్పటికే కంపు ముదిరిన టీషర్టులకు సోడియం పెర్‌కార్బొనేట్ ఆధారంగా చేసిన ఆక్సిజన్ బ్లీచును గోరువెచ్చని నీళ్లలో కలిపి కొన్ని గంటలు నానబెడితే చాలావరకు తేరుకుంటాయి. తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టడం కూడా కొంత పనిచేస్తుంది. అయితే వెనిగర్‌ను క్లోరిన్ బ్లీచుతో ఎట్టి పరిస్థితిలోను కలపకండి, విషవాయువు వెలువడుతుంది. ఇవన్నీ చేసినా కంపు పోని పాత టీషర్టును ఇక ఇల్లు తుడిచేందుకు కేటాయించడమే మంచిది. వెండి కణాలు అద్దినవని చెప్పి ఎక్కువ ధరకు అమ్మే టీషర్టుల గురించి అడుగుతారేమో. ఆ వెండి ఉతుకుతున్న కొద్దీ కొంత కొంత పోతుంది గనుక, ఆ డబ్బుతో మరో రెండు మామూలు టీషర్టులు కొనుక్కుని గేమ్‌ల మధ్య మార్చుకోవడమే నా సలహా.

జవాబు: బీచ్ రోడ్డు నడక, విశాఖపట్నం

నేను ఉదయం ఆర్కే బీచ్ వెంబడి పరుగు, నడక కలిపి చేసి, అక్కడి నుంచి నేరుగా ఉద్యోగానికి వెళ్లే మనిషిని. స్నానాల గది లేని చోట ఏం చేయాలన్నది ఇక్కడ ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. విశాఖలో ఉక్కపోత వల్ల చెమట ఆరదు, ఒంటి మీదే నిలుస్తుంది. అందుచేత వ్యాయామం ముగిసిన వెంటనే బట్టలు మార్చుకోకుండా, ముందు ఒళ్లు చల్లబడేదాకా కూర్చుంటాను. లేకపోతే మార్చిన బట్ట కూడా తడిసిపోతుంది. తరువాత తడి తువాలుతో మెడ, చంకలు, రొమ్ముల కింద, గజ్జలు తుడుచుకుని, పొడి తువాలుతో అద్ది, లోదుస్తులతో సహా అన్నీ మారుస్తాను. పైబట్ట ఒక్కటి మార్చి, తడిసిన లోదుస్తులతోనే రోజంతా గడిపేవారిని చాలామందిని చూశాను. వాసన అక్కడే మిగులుతుంది.

ఆడవారి విషయంలో మరొకటి గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. స్పోర్ట్స్ బ్రా కింది పట్టీ మందంగా, సాగేదిగా ఉంటుంది, అది ఆరడానికి మిగతా బట్ట కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. మన ఇళ్లలో ఆడవారి లోదుస్తులను నలుగురి కంటా పడకూడదని తువాలు కిందనో, చీర మడతల చాటునో, గాలి తగలని స్నానాల గదిలోనో ఆరవేసే అలవాటు ఇప్పటికీ ఉంది. ఎండ తగలక, గాలి ఆడక, అవి సగం తడితోనే మర్నాడు ఒంటి మీదికి వస్తాయి. వాసనతోపాటు దురద, ఒరుపు, తామర కూడా అక్కడి నుంచే మొదలవుతున్నాయి. డాబా మీద ఎండలో అందరి బట్టలతోపాటు వాటినీ ఆరవేసే హక్కు ఆడపిల్లలకు ఉండాలి. దీన్ని సిగ్గుకు సంబంధించిన విషయంగా చూడటం మానమని ఇంట్లోని పెద్దలను నేను వేడుకుంటున్నాను.

వానాకాలంలో ఎండ లేనప్పుడు ఫ్యాను కింద, బట్టకు బట్టకు మధ్య ఎడం ఉంచి ఆరవేయడం, చివర్లో ఇస్త్రీపెట్టెతో ఒకసారి ఒత్తడం నాకు బాగా ఉపయోగపడింది. బూట్ల విషయానికి వస్తే, రెండు జతలు మార్చి మార్చి వాడటం, విప్పగానే లోపలి అట్టలు బయటికి తీసి, పాత వార్తాపత్రిక కూరి ఉంచడం చాలు.

జవాబు: మగ్గం, సిరిసిల్ల

అమ్మా, మీరు చెప్పిన సగం తడి బట్టల వాసనకు శాస్త్రీయమైన ఆధారం ఉంది. ఉతికిన తరువాత ఆలస్యంగా ఆరిన బట్టల నుంచి వచ్చే ముక్క వాసనను జపాన్ పరిశోధకులు పరిశీలించి, మోరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బాక్టీరియా తయారుచేసే ఒక ఆమ్లమే దానికి ముఖ్య కారణమని 2012లో ప్రచురించారు. ఆ బాక్టీరియా మామూలు ఉతుకుడును, ఆరడాన్ని తట్టుకుని బతకగలదు. కనుక బట్ట ఎంత త్వరగా ఆరితే అంత మంచిది. వాషింగ్ మెషీన్ ఆగిన తరువాత బట్టలను అందులోనే వదిలేయకూడదన్నది కూడా ఇందుకే.

జవాబు: ఫ్రిస్కో తెలుగువాడు

మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. ఇక్కడ చలికాలంలో కిటికీలు మూసి ఉంచుతాం, వంటగదికి, హాలుకు మధ్య గోడ ఉండదు. తాలింపు వేసినప్పుడు లేచే నూనె ఆవిరి హాల్లో తగిలించిన జిమ్ము బట్టలకు పట్టుకుని, జిమ్ములో ఒళ్లు వేడెక్కగానే ఇంగువ, వెల్లుల్లి వాసనగా బయటికి వస్తుంది. సిరిసిల్ల మిత్రులు చెప్పిన జిడ్డు సూత్రమే దీనికీ వర్తిస్తుందని ఇప్పుడు అర్థమైంది. వ్యాయామపు బట్టలను, కోటును పడకగది అల్మారాలో తలుపు వేసి ఉంచి, వంట చేసేటప్పుడు పొయ్యి మీది ఫ్యాను నడపడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది తీరింది. తిండిని మార్చుకోవలసిన అవసరం రాలేదు. ఆ వాసన మన వంటను గురించిన నామోషీగా పిల్లల మనసులో నాటుకోకూడదన్నది నా తపన.

ప్రశ్నించినవారి స్పందన: బెంజిసర్కిల్ షట్లర్

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మగ్గం గారు ఊహించింది నిజమే, నా టీషర్టులన్నీ పాలిస్టరువే. తడి టీషర్టు సాయంత్రం దాకా స్కూటరు డిక్కీలో ఉండటం మా ఇంట్లో మామూలు. ఈ రోజే వాటిని నానబెట్టాము. రాత్రి పూసుకునే యాంటీపెర్‌స్పిరెంటు కూడా తెచ్చుకున్నాను.

డాక్టరు గారికి మరో రెండు ప్రశ్నలు. మా అబ్బాయికి పన్నెండేళ్లు. వేసవి శిబిరంలో షటిల్ నేర్చుకుంటున్నాడు, వాడి ఒంటికి కూడా ఈ మధ్య పెద్దవాళ్ల చెమట వాసన వస్తోంది. వాడికి ఇప్పటి నుంచే ఇవన్నీ వాడవచ్చా? రెండోది, ఎటువంటి మార్పు కనిపిస్తే వైద్యుడి దగ్గరికి తప్పక వెళ్లాలి?

జవాబు: చర్మవైద్యురాలు, గుంటూరు

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఎప్పుడూ లేనిది ఒంటి వాసన ఉన్నట్టుండి మారితే చూపించుకోవాలి. మీరు చక్కెర వ్యాధి అంచున ఉన్నానన్నారు కనుక, శ్వాసలో పండిన పండు వాసన లేదా గోళ్ల రంగు తుడిచే ద్రవం వంటి వాసన వచ్చి, దానితోపాటు విపరీతమైన దాహం, నీరసం, వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎంత శుభ్రంగా ఉన్నా చేపల కంపు వదలకుండా వస్తుంటే అది ట్రైమిథైలమిన్యూరియా అనే అరుదైన జన్యు లోపం కావచ్చు, మూత్ర పరీక్షతో తెలుస్తుంది. చంకల వెంట్రుకలకు పసుపు రంగు గుళికల్లా అంటుకుని ఉంటే, గజ్జల్లో గోధుమ రంగు మచ్చలు వస్తే, అవి బాక్టీరియా వల్ల వచ్చేవి, సులువుగా తగ్గుతాయి. ఉంగరంలా అంచు తేలి దురదపెట్టే తామరకు మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన మిశ్రమ క్రీము తెచ్చుకుని పూయకండి. మొదట్లో హాయిగా ఉండి, తరువాత ఒళ్లంతా పాకి మొండికేస్తుంది. చల్లని గదిలో కూర్చున్నా అరచేతులు, చంకలు కారిపోతుంటే అది అతి చెమట సమస్య, దానికి మంచి చికిత్సలు ఉన్నాయి.

మరొక సంగతి కూడా చెప్పాలి. మన ముక్కు మన వాసనకు త్వరగా అలవాటు పడిపోతుంది, అందుకే మీ మిత్రుడు చెప్పేదాకా మీకు తెలియలేదు. దీనికి విరుద్ధంగా, చుట్టుపక్కలవారు ఎవరూ వాసన లేదంటున్నా తమ ఒంటి నుంచి కంపు వస్తోందని గట్టిగా నమ్మి, ఆటలు, పెళ్లిళ్లు, ఉద్యోగాలు మానుకునేవారు కూడా ఉంటారు. అది ముక్కుకు సంబంధించినది కాదు, మనసుకు సంబంధించినది. దానికీ వైద్యం ఉంది, వారిని ఎగతాళి చేయకూడదు. అందుచేత మీరు చేసిన మార్పులు ఫలించాయో లేదో తెలుసుకోవడానికి మళ్లీ ఆ మిత్రుడినే అడగండి.

మీ అబ్బాయి విషయంలో కంగారు పడవద్దు. పన్నెండేళ్లకు అపోక్రైన్ గ్రంథులు పనిచేయడం మొదలవడం సహజం. ముందు స్నానం ఎలా చేయాలో, ఎక్కడ రుద్దాలో, ఎలా తుడుచుకోవాలో మీరే దగ్గరుండి చెప్పండి. శిబిరానికి వెళ్లేటప్పుడు రెండో టీషర్టు, పొడి సాక్సులు, చిన్న తువాలు బ్యాగులో పెట్టండి. అవసరమనిపిస్తే పరిమళం లేని, లేదా తక్కువ పరిమళం ఉన్న డియోడరెంటు వాడవచ్చు. మామూలు యాంటీపెర్‌స్పిరెంటు వాడినా హాని లేదు, ఎక్కువ గాఢత ఉన్న అల్యూమినియం క్లోరైడ్ ద్రావణాన్ని మాత్రం వైద్య సలహా లేకుండా పిల్లలకు పూయకండి. ఈ సంగతి వాడి స్నేహితుల ముందు గాని, చుట్టాల ముందు గాని మాట్లాడకండి, ఆ వయసులో పడిన మాట ఆటనే మాన్పించగలదు. ఇది చదువుతున్న ఇతర తల్లిదండ్రుల కోసం ఒక మాట: ఆడపిల్లలకు ఎనిమిదేళ్లలోపు, మగపిల్లలకు తొమ్మిదేళ్లలోపు పెద్దవాళ్ల చెమట వాసన మొదలైతే, లేదా ఆ వయసులో చంకల్లో, జననాంగాల దగ్గర వెంట్రుకలు కనిపిస్తే, యుక్తవయసు మార్పులు ముందుగా మొదలయ్యాయేమో చూడవలసి ఉంటుంది గనుక పిల్లల వైద్యుడికి చూపించండి.